జిగురు పెట్టని వీధి

పోయిన వారం బొమ్మలక్కను పురపాలక భవనం మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. ఆమె భుజాన గుడ్డసంచి ఉంది. సంచిలో మూత తీయని జిగురు డబ్బా ఉంది. బరువు డబ్బాది కాదు, దాన్ని చూసినప్పటి నుంచి మనసులో తిరుగుతున్న అనుమానానిది.

బొమ్మలక్క ఇళ్ళ నమూనాలు చేసి బతికే మనిషి. చెక్కతో, అట్టతో, బెండుతో అరచేతిలో ఇమిడే ఇళ్ళు కడుతుంది కాబట్టి వీధిలో పిల్లల దగ్గర నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ ఆమె బొమ్మలక్కే. ఆమెకు ఈసారి పురపాలక సంఘం పెద్ద పని అప్పజెప్పింది. సముద్రం ఒడ్డున, సెలవులకొచ్చే జనం మీద బతికే ఈ ఊళ్ళో ఎంత స్థలంలో ఎన్ని అంతస్తులు లేపొచ్చో కొత్త రూలు రాబోతోంది. దాని మీద ఊరివాళ్ళ మాట వినడానికి సభ, ఆ సభలో జనం చూడ్డానికి ఊరంతటి నమూనా కావాలన్నారు. కొండవైపు సగం ఆమె చేసింది, తీరంవైపు సగం మరిది చేశాడు. భర్త పోయాక షెడ్డునూ, అత్తగారినీ, మరిదినీ ఆమే నెత్తిన వేసుకుని లాక్కొస్తోంది.

ఇంట్లో అందరూ చిన్నాడు అని పిలిచే ఆ మరిది, నిన్న పొద్దున్న నమూనాతో పాటు వ్యాను ఎక్కి వెళ్ళాడు. ఇంతవరకూ ఇంటికి రాలేదు, ఫోను ఎత్తడం లేదు. వాడి బల్ల కింద వెతికితే తీరంవైపు పని కోసమని కొన్న జిగురు డబ్బా దొరికింది. మూత చుట్టూ అంటించిన పట్టీ కూడా చిరగలేదు.

మరి ఆ ఇళ్ళన్నీ వాడు దేనితో అతికించినట్టు?

ఆ ప్రశ్ననే మోసుకుంటూ ఆమె లోపలికి అడుగు పెట్టింది.

హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక వెనకవాళ్ళు గోడలకు ఆనుకున్నారు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయే గానీ గాలి కిందికి దిగడం లేదు. వేదిక ముందు పెద్ద బల్ల, దాని మీద తెల్ల దుప్పటి కప్పిన నమూనా. దుప్పటి అంచున అలల హోటలు గుర్తు నీలం దారంతో కుట్టి ఉంది. నమూనా మోయడానికి వ్యాను ఇచ్చిందీ ఆ హోటలే, కప్పడానికి దుప్పటి ఇచ్చిందీ ఆ హోటలే. ఊరికి ఉపకారం చేయడంలో వాళ్ళకు ఇంత ఉత్సాహం ఎప్పుడు పుట్టిందో బొమ్మలక్కకు అర్థం కాలేదు.

ముందు వరసలో అత్తగారు కనిపించింది. వీధి చివర దాకా రమ్మన్నా మోకాళ్ళు నొప్పులనే మనిషి, ఇవాళ మాత్రం అందరికన్నా ముందొచ్చి కుర్చీ పట్టేసింది. మన పని చూసి జనం ఏమంటారో నా చెవులతో నేనే వినాలి, నువ్వు చెబితే సగం మింగేస్తావు అని పొద్దున్నే ప్రకటించింది. ఆవిడ చేతులకు ఇంకా షెడ్డు వాసనే. డబ్బా జిగురు అంటే ఆవిడకు గిట్టదు. ఇప్పటికీ మూల పొయ్యి మీద చిన్న గిన్నెలో పాతకాలపు జిగురు ఉడికిస్తుంది. ఆ కంపుకు పిల్లులు కూడా షెడ్డు ఛాయలకు రావు. ఆరాక పసుప్పచ్చగా కనిపిస్తుందని నమూనాల్లో వాడనివ్వరు కాబట్టి, విరిగిన స్టూళ్ళకూ గరిటె పిడులకూ పూస్తూ ఉంటుంది. డబ్బా జిగురు అంటుకుంటుందే గానీ పట్టుకోదు అనేది ఆవిడ సిద్ధాంతం. అమ్మ జిగురు పూసిన ముక్క భూకంపం వచ్చినా ఊడదు, ఊరంతా పోయినా గరిటె మిగులుతుంది అని చిన్నాడు ఏడిపించేవాడు.

"వాడు కనిపించాడా?" అని అత్తగారు అడిగింది.

"ఇక్కడే ఎక్కడో ఉంటాడు," అంది బొమ్మలక్క. అబద్ధం నాలుక మీద నుంచి జారిపోయింది. ఆవిడ నమ్మిందో లేదో తెలియనివ్వలేదు.

ఛైర్మన్ మైకు అందుకున్నాడు. మాటకారి. ఎదుటివాడి జేబులో చెయ్యి పెడుతూ కూడా వాడిని నవ్వించగలడు. ఇప్పుడున్న రూలు తాతలనాటిదనీ, రెండంతస్తులు దాటకూడదన్నప్పుడు ఊళ్ళో ఉన్నవి రెండే బస్సులనీ మొదలుపెట్టాడు. కొత్త రూలు ప్రకారం పక్కపక్క స్థలాలు కలిపి ఒకటిగా చేస్తే అంతస్తులు పెంచుకోవచ్చు, ఎంత ఎక్కువ స్థలం కలిస్తే అంత పైకి. తీరానికి దగ్గరగా ఉంటే ఇంకాస్త పైకి. గదులు పెరుగుతాయి, గదులతో పాటు పనులూ పెరుగుతాయి.

"ఉన్న ఇల్లు ఒక్కటి కూడా అంగుళం కదలదు," అన్నాడు చివర్లో. "అది నా మాట. సభ్యులు చేతులెత్తే ముందు మీరంతా నమూనా దగ్గరికొచ్చి ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకోండి."

చప్పట్లు పడ్డాయి. అందరూ అమ్ముడుపోయినవాళ్ళేం కాదు. జీపు డ్రైవరు లేచి, ఊళ్ళో ఖాళీ గది ఉంటే అది టూరిస్టుకే పోతోందనీ, తన భార్యాబిడ్డలు పిట్టగూడంత గదిలో వంతులవారీగా కాళ్ళు చాపుకుంటున్నారనీ చెప్పాడు. పక్కకి కట్టనివ్వరు, పైకి కట్టనివ్వరు, మరి మేమేం చెట్టెక్కాలా అని అడిగాడు. ఆ మాటలో న్యాయం ఉంది. రిటైరైన సైన్సు మాస్టారు లేచి, ఇప్పుడున్న గదులకే తీరంలో బావులు ఉప్పెక్కాయనీ, వేసవిలో డ్రైనేజీ వెనక్కి తంతోందనీ అన్నాడు. అంతస్తు మీద అంతస్తు ఎక్కిస్తే పైవాడు స్నానం చేసిన నీళ్ళు కిందివాడు తాగాల్సి వస్తుందని ముగించాడు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. రెండు న్యాయాల మధ్య హాలు కాసేపు సంతలా మారింది.

అప్పుడు ఇస్త్రీ పిన్ని లేచింది.

తీరానికి ఆనుకుని దుప్పట్ల వీధి ఉంది. ఊళ్ళో హోటళ్ళ పరుపుల మీద పరిచేదంతా అక్కడే ఉతుకుతారు, అక్కడే ఆరేస్తారు, అక్కడే ఇస్త్రీ చేస్తారు. గాలి వీచిన రోజు ఆ వీధి తెరచాపలెత్తిన పడవలా ఉంటుంది. పిన్ని ఆ వీధికి మకుటం లేని మహారాణి. ముంజేతుల నిండా ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలు. వీధి చివర ఇల్లు, దాని వెనక షెడ్డు బొమ్మలక్కవాళ్ళవి.

"బాబూ, నాకు చదువు తక్కువ," అంది పిన్ని. "నువ్వు చెప్పిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. నా ఇల్లూ పక్కిల్లూ కలిస్తే మేడ, కలవకపోతే గోడ. అంతేనా?"

హాలు గొల్లుమంది. ఛైర్మన్ కూడా నవ్వాడు. నీ ఇష్టం లేకుండా ఎవరూ కలపరు పిన్నీ, కావాలంటే వచ్చి నీ ఇల్లు చూసుకో అంటూ దుప్పటి లాగించాడు.

సముద్రం, తీరం వెంట రోడ్డు, కొండ మీదికి పాములా ఎక్కే మెట్లు, బస్టాండు, చేపల మార్కెట్టు, అన్నీ ఉన్నాయి. ఏ ఊళ్ళో నమూనా పెట్టినా ఇంతే. దేశాన్ని ఉద్ధరించడానికొచ్చిన మనిషి కూడా ముందు తన ఇల్లు వెతుక్కుంటాడు. జనం బల్ల చుట్టూ మూగారు. అదిగో మా మేడ, అదిగో మీ బావగారి కొట్టు, అయ్యో మా నీళ్ళ ట్యాంకు కూడా పెట్టారే అంటూ ఒకటే సందడి. బొమ్మలక్కకు ఆ క్షణం ఎప్పుడూ ఇష్టమే. ఇవాళ మాత్రం ఆమె చూపు దుప్పట్ల వీధి మీదే ఉంది. చిన్నాడి పని చూసి ముచ్చటేసింది. దారాలు కట్టి, వాటి మీద పల్చటి కాగితపు ముక్కలు దుప్పట్లలా ఆరేశాడు. పిన్ని ఇంటి కిటికీకి విరిగిన రెక్క కూడా విరిగినట్టే పెట్టాడు.

"ఓరి వీడి తెలివి కాలా, నా కిటికీ," అంటూ పిన్ని వేలితో ఆ రెక్కను ముట్టుకుంది.

ఇల్లు వేలితో పాటు పైకి లేచొచ్చింది.

పిన్ని అరచేతిలో తన ఇల్లు. అందరూ నవ్వారు. భలే, ఇక పన్ను కట్టక్కర్లేదు, సంచిలో పెట్టుకుని వెళ్ళిపో అని ఎవరో అన్నారు. పక్కింటి ఆవిడ సరదాగా తన ఇల్లు పట్టుకుంది. అదీ వచ్చేసింది. దాని పక్కది కూడా. చూస్తుండగానే దుప్పట్ల వీధిలో ఇళ్ళు పండిన పళ్ళలా చేతుల్లోకి రాలిపోయాయి.

బొమ్మలక్క నవ్వలేదు. ఆమె చూపు ఆ ఇంటి అడుగుకు పోయింది.

వాళ్ళ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. భర్త నేర్పినది. ఉండేదానికి జిగురు, పోయేదానికి సీల. ఎప్పటికీ నిలిచే కట్టడాన్ని జిగురుతో అతికిస్తారు. తీసేసి, దాని స్థానంలో కొత్తది చూపించబోయేవాటికి మాత్రం అడుగున సన్నటి చెక్క సీల కొట్టి గుంటలో దింపుతారు. సీల కొట్టేటప్పుడు కూడా ఒక లెక్క, రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. ఆ టక్ టక్, ఠక్ వినబడితే చాలు, షెడ్డులో ఏదో ఇంటికి నూకలు చెల్లాయని అత్తగారు వంటింట్లోంచే చెప్పేసేది.

పిన్ని చేతిలో ఇంటి అడుగున సీల ఉంది.

ఇళ్ళు లేచిపోయిన చోట బెండు కనిపించాలి. జిగురు పట్టాలంటే అడుగున రంగు ఉండకూడదు కాబట్టి ఆ భాగం ఎప్పుడూ వట్టిగా వదిలేస్తారు. కానీ అక్కడ పచ్చిక ఉంది. పచ్చిక మధ్య వంపు తిరిగిన కారు దారి, దారి చివర నీలం ఈతకొలను. అన్నీ రంగు వేసి, ఆరబెట్టి, సిద్ధంగా ఉన్నాయి. మధ్యలో ఖాళీగా ఒక పెద్ద చతురస్రం. అందులో దేన్నో దింపడమే తరువాయి.

ఇవాళ జనానికి ఇళ్ళతో చూపిస్తారు. సభ్యులు చేతులెత్తాక ఇళ్ళు పీకి, ఆ చతురస్రంలో మేడ దింపి, డబ్బు పెట్టేవాళ్ళకు చూపిస్తారు. అదీ సంగతి. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి ఆ ఇళ్ళకు సీలలు కొట్టింది చిన్నాడు. వీధిలో పెరిగి, పిన్ని చేతి ముద్దలు తిన్న చిన్నాడు.

నవ్వులు సన్నగిల్లాయి. ఈ పచ్చిక ఏమిటని ఒకరు, మా వీధి కింద ఈ రోడ్డేమిటని ఒకరు మొదలుపెట్టారు. ఛైర్మన్ తడుముకోలేదు. జిగురు ఆరకముందే తెచ్చినట్టున్నారు, అడుగున పాత రంగు ఏదో ఉండిపోయినట్టుంది, చేసినావిడే ఇక్కడున్నారు కదా, టీ తాగాక ఆవిడే చెబుతారు అని మైకులో ప్రకటించాడు. తర్వాత ఎంతో మర్యాదగా బొమ్మలక్కను పక్క గదిలోకి పిలిపించాడు.

ఆ గదిలో టీ ఫ్లాస్కులు, విరిగిన కుర్చీలు, గోడకు చేర్చి పెట్టిన పాత బ్యానర్లు ఉన్నాయి. వాటి మధ్య అలల హోటలాయన కూర్చుని ఉన్నాడు. గొంతు పెంచడం తెలియని మనిషి. ఊళ్ళో ఆయన గట్టిగా మాట్లాడగా విన్నవాళ్ళు లేరు, ఆయన మాట కాదన్నవాళ్ళు కూడా లేరు.

"కూర్చో అమ్మా. టీ తీసుకో."

"మా మరిది ఎక్కడండీ?"

"మంచి పనివాడు," అన్నాడాయన. "కానీ చెప్పింది ఒకటి, చేసింది ఒకటి. ఇళ్ళు గట్టిగా నిలబడాలి, మేం తీయాలనుకున్నప్పుడే రావాలి అన్నాను. ఇదేంటమ్మా, ముట్టుకుంటే ఊడిపోతున్నాయి? నిన్న ఇక్కడ బల్ల సర్దుతుంటే ఒక ఇల్లు కదిలిందట, మావాళ్ళు అడిగితే రేపటికి బిగుస్తుందన్నాడు. మాటా మాటా పెరిగింది."

"ఎక్కడున్నాడు?"

"మావాళ్ళ దగ్గరే. క్షేమంగానే ఉన్నాడు." ఆయన టీ కప్పును ఆమె వైపు జరిపాడు. "నువ్వు వెళ్ళి జిగురు ఆరలేదని ఒక్క మాట చెప్పు. సభ్యులు చేతులెత్తుతారు. రాత్రి భోజనానికి మీ మరిది మీ ఇంట్లో ఉంటాడు."

"ఒకసారి వాడితో మాట్లాడించండి."

"మాట్లాడిస్తాను. ముందు నువ్వు మాట్లాడు, మైకులో."

టీ మీద మీగడ కట్టేదాకా ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఆమెకు నుయ్యీ గొయ్యీ రెండూ ఒకేచోట కనబడ్డాయి. పొట్ట కూటి కోసం వాడు వీధిని అమ్మేశాడా? అమ్మితే మాత్రం, వాడిని వీళ్ళ చేతుల్లో వదిలేస్తుందా? భర్త పోయేటప్పుడు ఆస్తులేవీ అప్పజెప్పలేదు. చిన్నాడి చెయ్యి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు, అంతే.

ఆమె హాల్లోకి తిరిగొచ్చింది. మైకు ముందు నిలబడింది. ముందు వరసలో అత్తగారు చీర చెంగుతో విసురుకుంటోంది. బల్ల దగ్గర పిన్ని తన ఇంటిని అరచేతిలోనే పట్టుకుని నిలబడి ఉంది, కింద పెడితే ఎవరు ఎత్తుకుపోతారో అన్నట్టు.

"జిగురు ఆరలేదు," అంది బొమ్మలక్క. "తొందరలో తెచ్చేశాం. తప్పు మాదే."

ఛైర్మన్ చప్పట్లు కొట్టబోయాడు. పిన్ని చెయ్యెత్తింది.

"అన్నిటికీ ఆరలేదా అమ్మాయ్?"

"అవును పిన్నీ. ఆ వైపు అన్నిటికీ."

"నీ ఇంటికి కూడానా?"

పిన్ని ఎవరి సమాధానం కోసమూ ఆగలేదు. వీధి చివర, వెనక చిన్న షెడ్డుతో ఉన్న ఇంటిని రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. అది కదల్లేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. కదల్లేదు. ఇస్త్రీ పెట్టెలు మోసిన చేతులవి. మూడోసారి బలమంతా పెట్టి లాగితే కప్పు ఫట్‌మని విరిగి చేతికొచ్చింది. గోడలు మాత్రం నేలను కరుచుకుని అలాగే ఉన్నాయి.

వీధి వీధంతా మాయమైన ఆ పచ్చిక మీద ఒక్క ఇల్లు మిగిలింది.

"మా ఇళ్ళకి ఆరలేదు," అంది పిన్ని నెమ్మదిగా. "మీ ఇంటికి ఆరింది."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ముప్పై ఇళ్ళ ఆడవాళ్ళు చేతుల్లో తమ తమ ఇళ్ళు పట్టుకుని బొమ్మలక్క వైపు చూస్తున్నారు. ఎంతిచ్చారు అని వెనక నుంచి ఒక గొంతు. కంచే చేను మేస్తే ఇక చెప్పేదేముంది అని ఇంకొకటి. బొమ్మలక్కకు ఆ మాటలు చెవిన పడ్డాయి గానీ మనసుకు అందలేదు. ఆమె నమూనా దగ్గరికొచ్చి, ఒంగి తన ఇంటి గోడల అడుగు చూస్తోంది.

గోడకూ నేలకూ మధ్య అతుకు పసుప్పచ్చగా ఉంది.

డబ్బా జిగురు ఆరితే గాజులా ఉంటుంది, రంగు ఉండదు. పసుప్పచ్చగా ఆరేది ఒక్కటే, మూల పొయ్యి మీద గిన్నెలో ఉడికేది. ఆమె తలెత్తి ముందు వరస వైపు చూసింది. అత్తగారి చేతిలో చీర చెంగు ఆగిపోయింది.

"అత్తయ్యా," అంది. "మీరా?"

ముసలావిడ హాలంతా తనవైపు చూస్తోందని గ్రహించింది. తేలు కుట్టిన దొంగలా ఉంది ముఖం. కానీ ఆవిడ తల దించే రకం కాదు.

"నేనే," అంది. "బండి ఎక్కించే ముందు ఊరికే ముట్టుకుని చూశా. మన ఇల్లు కదులుతోంది. చిన్నాడు తొందరలో మర్చిపోయాడేమో అనుకున్నా. నలుగురిలో ఊడితే అప్రతిష్ఠ కదా అని నా జిగురు పూసి నిలబెట్టా. ఇల్లు కదిలితే ఏ ఆడదైనా చేసేది అదేగా?" ఆవిడ గొంతు తగ్గింది. "వీధంతా కదులుతోందని నాకేం తెలుసు? పక్కిల్లు నేను ముట్టుకోలేదు."

బొమ్మలక్క పిన్ని చేతిలోంచి ఇంటిని తీసుకుని తిరగేసింది. ఇందాక సీలను చూసింది గానీ, సరిగా చూడలేదు. షెడ్డులో కొట్టే సీల పటకారు పెట్టి లాగితే గానీ రాదు. ఈ సీలను గరుకు కాగితంతో రుద్ది రుద్ది పుల్లలా పలచన చేశారు. పక్కింటిదీ అంతే. వరసగా అన్నీ అంతే. ఎవరి వేలు తగిలినా, పసిపిల్ల ముట్టుకున్నా ఊడిపోయేలా.

సభలో జనం ముందు తమ ఇల్లు వెతుక్కుంటారనీ, వెతుక్కున్నాక ముట్టుకోకుండా ఉండరనీ చిన్నాడికి తెలుసు. వాళ్ళు చెప్పినట్టు రంగు వేశాడు, వాళ్ళు చెప్పినట్టు సీలలు కొట్టాడు. నోటితో చెప్పలేనిదాన్ని వేలితో తెలుసుకోండని వీధికి వదిలేశాడు. అందులో తన ఇంటిని కూడా మినహాయించలేదు. దాన్నీ సీల మీదే నిలబెట్టాడు. వాడిని ద్రోహిని చేసింది గిన్నెడు జిగురు, ఒక ముసలితల్లి భయం, ఆ పైన తను మైకులో చెప్పిన ఒక్క అబద్ధం.

వేదిక మీద ఛైర్మన్ చేతి గడియారం చూసుకుంటున్నాడు. పక్క గది గుమ్మంలో అలల హోటలాయన నిలబడి, కళ్ళతోనే చాలమ్మా, ఇక కూర్చో అన్నాడు.

రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటాడు. ఆ మాట ఆమె చెవుల్లో ఇంకా ఉంది. కానీ, తన ఇంటిని కూడా వీధితో పాటు ఊడబెరుక్కున్న కుర్రాడు ఆ భోజనం ముందు కూర్చుని తన ముఖం చూస్తే, ఏం చెబుతుంది? నీ కోసం వీధిని ఇచ్చేశాను రా అని చెబుతుందా?

ఆమె మళ్ళీ మైకు దగ్గరికొచ్చి సంచిలో చెయ్యి పెట్టింది. జిగురు డబ్బా తీసి మైకు పక్కన బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడు మైకులో పెద్దగా మోగింది.

"ఇందాక నేను చెప్పింది అబద్ధం," అంది. "జిగురు ఆరకపోవడం కాదు. పెట్టలేదు. ఇదిగో డబ్బా, మూత తీయలేదు. మా పనిలో ఉండేదానికి జిగురు పెడతాం, పోయేదానికి సీల కొడతాం. ఈ వీధి పోతుందని వీళ్ళకు ముందే తెలుసు. మా మరిది మీకు చెప్పాలనుకున్నాడు. నిన్నటి నుంచి వాడిని వీళ్ళు ఇంటికి రానివ్వలేదు."

జీపు డ్రైవరు, ఇందాక మేడలు కావాలన్న మనిషే, కుర్చీ పక్కకు తోసి లేచాడు. గదులు కావాలన్నాను గానీ, మనిషిని కట్టేసి కట్టమనలేదు అన్నాడు. పిన్ని తన చేతిలో ఉన్న విరిగిన కప్పును జాగ్రత్తగా బొమ్మలక్క చేతిలో పెట్టింది. ఆమె కాలిన మచ్చల చెయ్యి బొమ్మలక్క మణికట్టును ఒక్కసారి నొక్కి వదిలింది.

గుమ్మంలో అలల హోటలాయన తొందరపడలేదు. జేబులోంచి ఫోను తీశాడు. ఆయన పెదవులు కదలడం బొమ్మలక్కకు కనిపించింది. అన్నది రెండే మాటలు. మాట వినబడలేదు గానీ, దాని ఫలితం కిటికీలోంచి వినబడింది. బయట ఆవరణలో బండి స్టార్టయింది.

నిన్న పొద్దున్న షెడ్డు ముందు విన్న శబ్దమే అది. స్టార్టయ్యేటప్పుడు దగ్గుతున్నట్టు రెండుసార్లు ఆగి అందుకునే ఇంజను. వీళ్ళ దగ్గరే ఉన్నాడు అంటే ఎక్కడో దూరాన హోటలు గదిలో అనుకుంది తను. అంత దూరం ఎందుకు, ఈ గోడ అవతలే.

ఆమె జనాన్ని తోసుకుంటూ తలుపు వైపు పరుగెత్తింది. వెనక అత్తగారు ఏమైందే, ఏమైందే అంటోంది. మెట్ల మీదికొచ్చేసరికి, పక్కన అల బొమ్మ వేసిన వ్యాను ఆవరణలోంచి గేటు వైపు తిరుగుతోంది. కిటికీలు లేని వ్యాను. వెనక తలుపుకు బయటి నుంచి గొళ్ళెం.

హాల్లో మైకు మళ్ళీ పలికింది. ఛైర్మన్ గొంతు తొణక్కుండా, చర్చ ముగిసిందనీ, రూలుకు ఒప్పుకునే సభ్యులు చేతులెత్తాలనీ అంటోంది. అక్కడ తను లేకపోతే ఆ డబ్బా ఉత్త డబ్బా. ఇక్కడ తను ఆగిపోతే వ్యాను గేటు దాటిపోతుంది.

చేతిలో విరిగిన ఇంటి కప్పు పట్టుకుని ఆమె మెట్టు మీద నిలబడిపోయింది.

వ్యాను గేటు దగ్గర గతుకులో నెమ్మదించింది. గొళ్ళెం పెట్టిన తలుపు వెనక నుంచి, రేకు మీద, లోపలెవరో కొడుతున్న చప్పుడు.

టక్ టక్. ఠక్.